గుమ్మంలో ఆగిన మాట

ఆ డ్రైవర్ని అందరూ 'నిదానం' అనేవారు. "నిదానం బండా? అయితే ఇంటికెళ్లి ఓ కునుకు తీసొచ్చినా అందుతుంది" అని బస్టాండులో వేళాకోళం. ఆయన పట్టించుకుంటే కదా! కండక్టరు వెనక నుంచి "రైట్ రైట్" అంటేనే గేరు మార్చేవాడు. ఆ మాట పడనిదే బండి అంగుళం కదిలేది కాదు, పడ్డాక క్షణం ఆగేది కాదు. ఆ కండక్టరంటే ఆయనకి సొంత తమ్ముడి కంటే ఎక్కువ నమ్మకం.

అలాంటి మనిషి బండి కింద ఒక ముసలామె పడిపోయింది. వాన రోజు. "రైట్ రైట్" అన్న మాట వినపడింది, బండి కదిలింది, ఆమె ఇంకా మెట్టు మీదే ఉంది. విచారణ చేసి ఎవరి తప్పూ కాదని తేల్చారు. తేల్చడానికి వాళ్లదేం పోయింది! నిదానం మళ్లీ స్టీరింగు పట్టుకోబోతే చేతులు వణికాయి. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కండక్టర్ని వేరే ఊరి డిపోకి మార్చారు. ఇద్దరూ ఒకరికొకరు ఫోను చేసుకోలేదు. చేసి ఏమని మాట్లాడుకుంటారు?

నిదానం భార్య ముందు గదిలో బట్టలు కుట్టేది. చిరిగిన ప్యాంట్లు, వదులైన చొక్కాలు, జిప్పు ఊడిన సంచులు, ఏది తెచ్చినా కాదనేది కాదు. మొగుడు నోరు విప్పడం మానేశాక ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. "నీకంటే ఈ మిషను నయమయ్యా, తొక్కితే పలుకుతుంది" అని విసుక్కుని, మళ్లీ తనే కంచంలో అన్నం పెట్టి తీసుకెళ్లేది.

ఇంతలో ఆయన మేనల్లుడు కొత్త గేమ్ బాక్సు కొనుక్కుని, పాతది తెచ్చి మామయ్య టీవీకి తగిలించాడు. అందులో బస్సు నడిపే ఆట. "పోయిపోయి బస్సా! నీకేమైనా బుద్ధుందిరా?" అని ఆవిడ వాణ్ణి ఉతికి ఆరేసింది. కానీ ఆ బొమ్మ బస్సు మీద నిదానం చేతులు వణకలేదు. కండక్టరు ఇంట్లోనూ అదే ఆట ఉందని తెలుసుకుని, ఇంటర్నెట్లో ఇద్దర్నీ కలిపింది కూడా ఆ కుర్రాడే. నిదానం బండి నడిపితే, కండక్టరు బొమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చునేది. చెవులకి హెడ్‌ఫోన్లు, నోటి దగ్గర చిన్న మైకు. ముఖాముఖి చెప్పుకోలేని మనుషులు రోడ్డు వైపు చూస్తూ కబుర్లు మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులు, డిపోలో నీళ్ల టీ, పిల్లల చదువులు. నిదానం నవ్వడం విని ఆవిడ మిషను ఆపేసి ఏడ్చింది.

ఒక్కటి మాత్రం గమనించింది. ఆ ఆటలో కండక్టరు ఏనాడూ "రైట్ రైట్" అనలేదు. ఈయనా అనమనలేదు. బండి ఆగేది, బొమ్మలు ఎక్కేవి, దిగేవి. ఈయనే చూసుకుని కదిలించేవాడు.

ఒక సాయంత్రం నిదానం బండిని మొదటి స్టాపులో ఆపి, కండక్టరు బొమ్మ ఎక్కి కూర్చోగానే, పలకరింపైనా లేకుండా గొంతు తగ్గించి మైకులో అడిగాడు. "ఒరేయ్ తమ్ముడూ, ఆ రోజు రైట్ అనేముందు మెట్టు వైపు చూశావారా?"

ఆవిడ పాదం మిషను మీద ఆగిపోయింది. ఆయన తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. కండక్టరు బొమ్మ సీట్లో కూర్చునే ఉంది. కాసేపటికి ఆయన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఆట పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. చివరికి ఆ గేమ్ బాక్సు మీద తువ్వాలు కప్పేశాడు.

"ఏమయ్యా, జవాబు చెప్పాడా?" అని ఆవిడ భయపడుతూనే అడిగింది.

"ఇంకేం చెబుతాడు? నోరు మెదపలేదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తిండి కూడా సరిగ్గా తినడం లేదు. మనిషి చేతిలోంచి జారిపోతున్నాడని ఆవిడకి అర్థమైంది. ఇక ఆగలేక కండక్టరుకి ఫోను చేసి దులిపేసింది. "ఏమయ్యా మరిదీ, అంత రాతిగుండె ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావు? అన్నతో ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?"

అవతల అతను తెల్లబోయాడు. "నేనా వదినా? మాట్లాడటం మానేసింది అన్నే కదా! రోజూ ఆయన బస్సెక్కి కూర్చున్నా. అన్నా అన్నా అని పిలిచి పిలిచి నోరు పడిపోయింది. నా మీద మనసు విరిగిందేమో అనుకుని నేనే వెళ్లడం మానుకున్నా."

"ఆయన నిన్నొకటి అడిగాడు. వినపడలేదా?"

"ఏం అడిగాడు? అన్న గొంతు విని ఎన్నాళ్లయిందో వదినా!"

ఆ ప్రశ్న ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అడగాల్సింది తను కాదని మింగేసింది.

మొగుడికి చెబితే నమ్మాడా? అబ్బే! "బొమ్మ వచ్చిన దారిన మాట రాదా? నాకు చెవిలో పువ్వు పెడుతున్నాడు" అన్నాడు. నిజమేంటో ఆయన చెవులకే వినిపిస్తే తప్ప లాభం లేదని ఆవిడ నడుం బిగించింది.

ఇంటర్నెట్ సంగతి ఆవిడకేం తెలుసు? తెలిసింది కుట్టు. చొక్కా ఎక్కడ పట్టేస్తోందో తెలియకపోతే ఆవిడ ఒక్కో కుట్టూ విప్పి చూస్తుంది, రెండు ఒకేసారి విప్పదు. అలాగే మొదలుపెట్టింది. హెడ్‌ఫోన్లు తన ఫోనుకి పెట్టి చూసింది. పాట వచ్చింది, మైకులో మాటా వెళ్లింది. వైరు మార్చింది. రౌటరు ఆపి మళ్లీ పెట్టింది. ఊహూ. గేమ్ బాక్సులోనే నెట్ పరీక్ష ఉంటుందని మేనల్లుడు ఫోనులో చెబితే అదీ చేసింది. అన్ని వరసలూ పచ్చగా ఉన్నాయి. ఇతరులతో మాట్లాడే వరస ఒక్కటే ఎర్రగా ఉంది.

నెట్ కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి ఓపిగ్గా వింది. "ఈమధ్య కొత్త రౌటరు ఏమైనా పెట్టారా ఆంటీ?"

పెట్టారు. ఎప్పుడు పెట్టారో ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. నిదానం ఆ ప్రశ్న అడిగిన రోజు పొద్దున్నే!

"పాతది తీసేశారా మరి?"

ఆవిడ తలెత్తి చూసింది. అటక పక్కన రెండు రౌటర్లూ మిణుకుమిణుకుమంటున్నాయి. ఆ రోజు నెట్ కంపెనీ లైన్‌మన్ పాతది పీకబోతే నిదానమే అడ్డుపడ్డాడు. "నడిచే బండిలో చెయ్యి పెట్టకు. అదలాగే ఉండనీ, స్టెప్నీకి పనికొస్తుంది" అన్నాడు. బయటి లైను కొత్తదానికి, కొత్తది పాతదానికి, పాతది గేమ్ బాక్సుకి తగిలించి అతను తన దారిన పోయాడు.

"అదే ఆంటీ తిప్పలు. రెండూ చెరో గుమ్మం దగ్గర కాపలా కాస్తున్నాయి. ఆట వస్తుంది గానీ, అవతలి మనిషి మాట గుమ్మంలోనే ఆగిపోతుంది" అంది ఆ అమ్మాయి.

ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కింది. నిదానం లేచి కూర్చున్నాడు. "ఏయ్, ముట్టుకోకు! స్టెప్నీ అని చెప్పానా?"

"స్టెప్నీని మోసుకెళ్తారు గానీ, దాన్నీ రోడ్డు మీద దొర్లిస్తారా?" అంది వెనక్కి తిరక్కుండానే.

పాత రౌటరు ఊడదీసి ఒళ్లో పెట్టుకుని, గేమ్ బాక్సు వైరు కొత్తదానికి గుచ్చింది. మళ్లీ పరీక్ష పెడితే ఎర్రగా ఉన్న వరస పచ్చబడింది. కండక్టరుకి ఫోను చేసి వచ్చి బస్సెక్కమంది. గొంతు టీవీలోంచే వినిపించేలా పెట్టి, మైకు తెచ్చి మొగుడి చేతిలో కుక్కింది. ఆయన మూతి ముడుచుకునే బండి తీసి, మొదటి స్టాపులో ఆపాడు. ముందు సీట్లోకి బొమ్మ వచ్చింది.

"అన్నా, వినపడుతోందా?"

"వినపడుతోందిరా" అన్నాడు నిదానం.

"నన్నేదో అడిగావటగా? వదిన చెప్పింది. ఒట్టు, నాకు చేరలేదన్నా. ఏమిటది?"

నిదానం భార్య వైపు చూశాడు. తెర మీద స్టాపులో బొమ్మలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆయన మైకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏం లేదురా. రైట్ చెప్పు, బండి తీస్తాను. నువ్వు చెప్పకుండా నడిపింది చాలు."

జవాబు రాలేదు. ఆవిడ కంగారుగా రౌటరు వైపు చూసింది. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఈసారి మాట చేరింది. చేరినా అతని నోరు పెగలడం లేదు. నిదానం బండి కదపలేదు, తొందరపెట్టనూ లేదు.

చాలాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "ఆగన్నా. ఈసారి మెట్టు చూసి చెబుతా."

'ఈసారి' అన్నాడు. అడగని ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఆవిడ ఒళ్లోని పాత రౌటర్ని గట్టిగా పట్టుకుని మొగుడి మొహంలోకి చూసింది. అక్కడ కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

"చూడు" అన్నాడు. "నేనూ ఈసారి అద్దంలో చూస్తాను."

ఇద్దరూ చూశారు. ఆఖరి బొమ్మ దిగి, మెట్టు దాటి, రోడ్డు పక్క గట్టెక్కేదాకా చూశారు.

"రైట్ రైట్" అన్నాడు కండక్టరు. నిదానం గేరు మార్చాడు.