బాగా మురికిగా ఉన్న రాయి

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బ్లీచింగ్ అత్త అంటే మాత్రం పసిపిల్లాడు కూడా వేలెత్తి ఇల్లు చూపిస్తాడు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. ఆపరేషన్ గదుల్లోంచి వచ్చిన దుప్పట్లను మరిగే నీళ్లలో వేసి, మందు కలిపి, ఎండలో పరిచి, మల్లెపూవుల్లా తిప్పి పంపేది. ఆవిడ చేతిలో పడితే మరకే కాదు, రంగు కూడా బతికి బట్టకట్టదని తోటివాళ్లు ఏడిపించేవారు. దానికి ఆవిడ మురిసిపోయేది కూడా.

ఉద్యోగం అయిపోయాక ఆ చేతులు ఊరుకుంటాయా? ఇంటి మీద పడ్డాయి. గచ్చులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. టీ తాగుతున్నవాళ్లు కప్పు ఇలా కింద పెడితే చాలు, అలా కడిగి బోర్లించేసేది. అడుగున రెండు గుక్కలు మిగిలాయా అన్న విచారణ లేదు. భర్త పోయాక ఇంట్లో ఆవిడ మాటకి ఎదురే లేదు. ప్రెస్సులో పనిచేసే కొడుకు తల్లి ఒకటంటే రెండు అనే రకం కాదు. వాడి కప్పు వాడు ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

కోడలు అలా నేర్చుకోలేదు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పిల్ల, నెమ్మదస్తురాలు. పెళ్లై ఏడాది దాటినా ఆ ఇంట్లో ఆమె వస్తువు ఒక్కటీ పైకి కనపడదు. దువ్వెన అద్దం దగ్గర పెడితే సొరుగులోకి వెళ్లిపోయేది. సగం చదివిన పుస్తకం కుర్చీలో పెడితే అలమరలోకి, అదీ పేజీ గుర్తు తీసేసి మరీ. అత్తకి కోడలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే అన్నీ సర్దేసేది, ఏం చెప్పమంటారు!

ఒక ఆదివారం పక్కగదిలో కోడలు కొడుకుతో అంటున్న మాట ఆవిడ చెవిన పడింది.

"మీ అమ్మగారి మీద నాకేం కోపం లేదండీ. కానీ ఈ ఇంట్లో నేను ఎక్కడున్నానో నాకే కనపడట్లేదు. చిన్నదైనా సరే, వేరే ఇల్లు చూసుకుందాం."

అత్త గుండెల్లో రాయి పడింది. ఆ ఇద్దరూ వెళ్లిపోతే మెరిసే ఆ గచ్చు మీద తన ముఖం ఒక్కటే కనపడుతుంది. ఎలాగైనా ఈ పిల్లని నిలబెట్టుకోవాలి అనుకుంది, అంతే.

అందుకే వారం తిరక్కుండా కోడలు వచ్చి, "కిటికీ పక్కన మూల నాకిస్తారా అత్తయ్యా? చిన్న సముద్రం పెట్టుకుంటా" అంటే, ఆవిడ మాట పూర్తికానివ్వలేదు.

"మూలేం ఖర్మే, గది మొత్తం తీసుకో!"

సముద్రం వచ్చింది. సూట్‌కేసంత గాజు తొట్టి, కింద బలమైన బల్ల. కోడలు బకెట్లో శుద్ధి చేసిన నీళ్లు పోసి, సముద్రపు ఉప్పు కలిపి, గొట్టం లాంటి పరికరంతో ఉప్పు ఎంత కలిసిందో కొలిచి, చాలకపోతే మళ్లీ కలిపింది. అడుగున తెల్లటి ఇసుక, మీద బొరియలు బొరియలుగా ఉన్న రాళ్లు నాలుగు, ఓ పక్క నీళ్లు తిప్పే చిన్న మోటారు, పైన నీలం లైటు. అత్త కుర్చీ లాక్కుని ముందు కూర్చుంది.

"మరి చేపలేవే?"

"ఇప్పుడే కాదత్తయ్యా. ముందు నీళ్లు సిద్ధం కావాలి. కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత చేపలు, ఆ తర్వాత పగడాలు."

నీళ్లు సిద్ధం కావడమేంటో అత్తకి అంతుపట్టలేదు. కుళాయి తిప్పితే సిద్ధంగానే వస్తాయి కదా! రోజూ సాయంత్రం కోడలు దుకాణం నుంచి వచ్చి, టీ కప్పు పట్టుకుని ఆ ఉత్త నీళ్ల ముందు కూర్చునేది. చిన్న సీసాలో నీళ్లు తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి, తనలో తనే తలూపుకునేది. ఆ ఇంట్లో ఆ పిల్ల ముఖం అంత తేటగా ఉండటం అత్త అంతకుముందు చూడలేదు.

ఇంతలో ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు పాచి మొదలైంది. మొదట మచ్చలు, తర్వాత జిగురు పొర. అత్త చేతులు దురదపెట్టేవి. వంటగదిలోకి వెళ్లి, కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగి ఎలాగో ఓర్చుకునేది. అంతలో కోడలి తల్లి చూడ్డానికి వస్తున్నానని కబురు పెట్టింది. అంతే, ఆవిడ ఓర్పు గట్టు తెగింది. పోనీ కదా అని పిల్లకి ఒక్క మూల ఇస్తే, అది కూడా పాచి పట్టి ఉంటే వియ్యపురాలు ఏమనుకుంటుంది? పాపం, పిల్లకి తోముకునే తీరిక ఎక్కడిది? మనం లేమూ!

కోడలు అటు పనికి వెళ్లగానే అత్త ఇటు కొంగు బిగించింది. రాళ్లు తీసి సలసల కాగిన నీళ్లు పోసి, గట్టి బ్రష్షుతో సందు సందూ తోమి, ఎండలో ఆరబెట్టింది. ఇసుక ఏడు నీళ్లు కడిగింది. తొట్టి తళతళలాడించి, కొత్త నీళ్లు పట్టి, చూసిన గుర్తు కొద్దీ ఉప్పు కూడా కలిపి, రాళ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. ఎంత పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చినా లాండ్రీలో ఏనాడూ అంత ముచ్చటగా చేసి ఎరగదు.

సాయంత్రం కోడలు భుజాన సంచీతోనే తొట్టి ముందు ఆగిపోయింది.

"అత్తయ్యా... రాళ్లు..."

"తోమేశా! వేడినీళ్లు కూడా పోశా. ఎలా ఉందే?"

కోడలు కుర్చీలో కూలబడింది.

"అది మురికి కాదత్తయ్యా. ఆ రాళ్ల లోపల కంటికి కనపడనివి బతుకుతుంటాయి. చేప వదిలిన మలినాన్ని హాని చెయ్యకుండా అవే మార్చేస్తాయి. అవి లేకపోతే చేప తన మురికిలో తనే చచ్చిపోతుంది. ఇన్నాళ్లూ నేను కాచుకుని కూర్చుంది వాటి కోసమే."

"కంటికి కనపడనివంటే... క్రిములా?"

"క్రిములే."

"వాటిని చంపినందుకే కదే తల్లీ, ముప్పై ఏళ్లు నాకు జీతమిచ్చారు!"

ఇంకో రోజైతే ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. "పర్లేదులెండి అత్తయ్యా" అంది కోడలు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మోటారు ఆపి, మగ్గుతో నీళ్లు తోడి పారబోసి, తొట్టిని పాత దుప్పటిలో చుట్టి, తల్లిని ఇంకోసారి రమ్మని కబురు పెట్టింది. మర్నాడు భోజనాల దగ్గర కొడుకు తలెత్తకుండా, "ప్రెస్సు పక్కన రెండు గదుల వాటా ఖాళీగా ఉందటమ్మా" అన్నాడు. ఆవిడ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈవిడ అడుసు తొక్కనే లేదు, కాలు కడిగి మరీ జారిపడింది. ఆ మధ్యాహ్నమంతా ఖాళీ మూల వంక చూస్తూ కూర్చుంది. మూల నీదే అని నోటితో ఇచ్చి, చేత్తో లాక్కున్నానే అనుకుంది. దువ్వెన గుర్తొచ్చింది, పుస్తకం గుర్తొచ్చింది, కప్పు అడుగున మిగిలిన గుక్కలు గుర్తొచ్చాయి. సిగ్గేసింది. లేచి చెప్పులేసుకుంది.

చేపల దుకాణంలో మోచేతుల దాకా తడిసిన మనిషి ఒకాయన గాజు తొట్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఏం కావాలమ్మా?"

"రాయి. సముద్రం తొట్టిలో పెట్టేది. నీ దగ్గరున్నవాటిలో బాగా మురికిది ఇవ్వు."

ఆయన ఎగాదిగా చూశాడు. "అందరూ అందమైన రాయి అడుగుతారమ్మా."

"ఆ అందమే నా కొంప ముంచింది నాయనా. మురికిది తియ్యి."

జరిగిందంతా చెబితే ఆయన నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లి, అన్నిటికంటే పాత తొట్టిలోంచి ఒక రాయి తీశాడు. ఊదారంగు మచ్చలు, పచ్చటి నూగు, నీచు వాసన. దాని నీళ్లతో సహా మూత బకెట్లో పెట్టి, గాలి బుడగలు వదిలే చిన్న యంత్రం తగిలించి ఇచ్చాడు.

"తుడవకండమ్మా."

"ఈ జన్మకి తుడవను."

బస్సులో బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుదుపు కుదుపుకీ నీళ్లు చింది బట్టల మీద పడుతున్నాయి. పక్కనావిడ ముక్కు మూసుకుని వేరే సీటుకి మారింది. మామూలు రోజైతే ఆ అవమానానికి అత్త మధ్యలోనే దిగిపోయేది. ఆ రోజు మాత్రం మూత మీద చెయ్యి అదిమిపట్టి, రాయికి దెబ్బ తగలకుండా చూసుకుంటూ ఇల్లు చేరింది.

ఇక అసలు కష్టం అక్కడే మొదలైంది. తొట్టి విప్పుదామా? నీళ్లు కలుపుదామా? చేతులు లాగేస్తున్నాయి. బకెట్ ఆ మూలన పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కోడలు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

"ఇదేంటత్తయ్యా?"

"నీ రాయి. నేను వేలు కూడా పెట్టలేదు. ఏం చెయ్యాలో నువ్వే చెయ్యి. నువ్వు చెబితేనే నేను లేస్తా. మూల నీకిచ్చి నేనే దూరాను, తప్పు నాదే తల్లీ."

కోడలు మూత తీసి చూసింది. తర్వాత అత్త బట్టల వంక చూసింది. "అయ్యో, మరక పడిందత్తయ్యా."

"పడనీ."

అప్పుడు నవ్వింది కోడలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తొట్టి దుప్పటిలోంచి బయటికొచ్చింది. ఈసారి అత్తకీ రెండు పనులు అప్పజెప్పింది కోడలు. నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు గీత దాకా శుద్ధి చేసిన మంచినీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీళ్లేగానీ ఉప్పు ఎక్కడికీ పోదట. ఇక తుడవడానికి ముందు అద్దం ఒక్కటే. మిగతా మూడు వైపులా ఏం పట్టినా ఆవిడకి సంబంధం లేదు. ఆ ఒక్క అద్దాన్నీ ఆవిడ తుడిచే తీరు చూడాలి! పాచి మళ్లీ కనపడిన రోజున, "వచ్చిందే, వచ్చింది!" అని కోడలి దుకాణానికి ఫోన్ చేసి మరీ చెప్పింది. పొరుగింటావిడ తొంగిచూసి, "ఇదేంటి వదినా, మీ ఇంట్లో ఇంత పాచా!" అని బుగ్గలు నొక్కుకుంటే, "అది మా కోడలిది, నీకెందుకు?" అని కసిరింది.

నీళ్లు సిద్ధమయ్యాక తెల్లపట్టీల నారింజ చేపలు రెండు వచ్చాయి. ఆ తర్వాత బొటనవేలంత పగడపు ముక్క ఒకటి. అది మొదటిసారి విచ్చుకున్న సాయంత్రం అత్తా కోడళ్లిద్దరూ దాని ముందు కూర్చున్నారు. కోడలు టీ కప్పు బల్ల అంచున పెట్టింది. అడుగున ఇంకా టీ ఉంది. అత్త చెయ్యి అటు వెళ్లి, దారిలో ఆగి, వెనక్కి వచ్చింది.

"అత్తయ్యా, ఇది కుదురుకుంది. ఇక దీన్ని కదపకూడదు. కదిపితే మళ్లీ మొదటికొస్తుంది."

అత్త చటుక్కున కోడలి వైపు తిరిగింది. "మరి ప్రెస్సు పక్కన వాటా?"

"అందుకే చెబుతున్నా. మేం రావట్లేదని ఆ వాటావాళ్లకి చెప్పేశాం."

అత్త లేచి, తుడిచిన ముందు అద్దాన్నే మళ్లీ తుడిచింది. తుడుస్తూ కోడలికి కనపడకుండా కళ్లొత్తుకుంది. తర్వాత కప్పుని రెండు వేళ్లతో కోడలి చేతికి అందేంత దగ్గరికి జరిపింది.

"టీ చల్లారిపోతోందే" అంది. "తొందరేం లేదులే, మెల్లగా తాగు."