అక్క రాసిన మూడు లెసన్ ప్లాన్లు

మా అక్క అయిదో తరగతి టీచరు. నేను అదే బడిలో ఆయాని. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నా చదువు ఆగింది. ఒక్కరైనా ఒడ్డు చేరాలని నాన్న పట్టుబట్టడంతో అక్క చదువు సాగింది. ఇప్పుడు అమ్మ లేదు. చూపు మందగించి నాన్న ప్రింటింగ్ ప్రెస్సు పని మానేశాడు. ఇల్లు అక్క జీతం మీద నడుస్తోంది. నా జీతం సబ్బులకీ చెప్పులకీ చాలు.

అక్కది పర్మనెంటు పోస్టు కాదు. ఏటా పొడిగించాలి. ఈసారి పొడిగించే ముందు మూడు పాఠాలు చూస్తానని పెద్ద మేడమ్ చెప్పింది. పెద్ద మేడమ్ మా హెడ్ మిస్ట్రెస్. ఆమె గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. కానీ ఆమె వరండాలోకి వస్తే పిల్లలకంటే ముందు టీచర్లు నోరు మూసుకుంటారు.

నా స్టూలు అయిదో తరగతి కిటికీ పక్కనే ఉంటుంది. ఎవరైనా వాంతి చేసుకున్నా, సుద్దముక్కలు అయిపోయినా నన్నే పిలుస్తారు. మిగతా సమయమంతా చూస్తూ కూర్చోవడమే.

మొదటి ప్లాను అక్క ఎర్ర పెన్నుతో గళ్ళు గీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. లక్ష్యాలన్నీ గైడులోంచి దించింది. విద్యార్థులు భిన్నాలను అవగాహన చేసుకుంటారు, పోలుస్తారు, నిత్యజీవితంలో వినియోగిస్తారు, అభినందిస్తారు.

"భిన్నాల్ని అభినందించడమేంటక్కా, అవేమన్నా పరీక్ష పాసయ్యాయా?" అన్నాను.

అక్క నవ్వలేదు. "అలాగే రాయాలే. అందరూ అలాగే రాస్తారు."

మర్నాడు పెద్ద మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. అక్క చెప్పుకుంటూ పోయింది. బోర్డు నిండింది, తుడిచింది, మళ్ళీ నిండింది. గంట కొట్టేసరికి ప్లానులో సగం మిగిలిపోయింది. అంతసేపట్లో ఏ పిల్లా నోరు తెరవలేదు.

"నువ్వేం చేస్తావో అంతా రాశావమ్మా," అంది పెద్ద మేడమ్ కాగితాలు తిప్పుతూ. "మరి ఇందులో పిల్లలేరీ?"

అక్క ఆ మాటని మనసులో పెట్టుకుంది. రెండో ప్లానులో పిల్లల కోసం ఒక గడి పెంచింది. అందులో వాళ్ళు చెప్పబోయే జవాబులు తనే రాసింది. టీచరు: మూడో వంతు, నాలుగో వంతు, ఏది పెద్దది? పిల్లలు: మూడో వంతు. టీచరు: శభాష్.

ఆ తరగతిలో ఒకమ్మాయికి గొంతు పెద్దది. అందరూ మైకు అంటారు. అక్క ప్రశ్న అడగ్గానే మైకు లేచి, "నాలుగో వంతు టీచర్!" అంది.

"కాదు."

"అయితే మూడో వంతు టీచర్!"

"శభాష్," అంది అక్క. ఆ మాట ప్లానులో ఉంది. ఆమె ముఖం తేలికపడింది.

పెద్ద మేడమ్ వెనకనుంచి మెల్లిగా అడిగింది. "అయిదో వంతు, ఆరో వంతు ఉన్నాయనుకో. ఏది పెద్దదమ్మా?"

"ఆరో వంతు మేడమ్!" మైకు గొంతు నా స్టూలు దాకా ఏమిటి, గేటు దాకా వినిపించి ఉంటుంది.

తరగతి అయ్యాక పెద్ద మేడమ్ వరండాలో ఆగింది. "ఉన్నవి రెండే జవాబులు. ఒకటి కాదంటే రెండోది చెప్పడానికి లెక్కలు రానక్కర్లేదమ్మా. మిగిలింది ఒక్క పాఠం. వచ్చే సోమవారం ఇదే మళ్ళీ చెప్పు. దాన్ని బట్టే పైకి రాస్తాను."

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో అక్క తన డబ్బా మూత తీయలేదు. డ్రిల్లు మాస్టారు ఆమె ఎదురుగా కూర్చుని తింటూనే సలహా ఇచ్చాడు. ఆయన మంచివాడే. కాకపోతే ప్రపంచంలో ఉన్న ప్రతి కష్టానికీ విజిలే మందు అనుకుంటాడు.

"ఇంత దిగులెందుకు టీచరమ్మా? వారం ఉందిగా. కవాతు చేయించినట్టు జవాబులు కూడా చేయించెయ్. ఎడమ కాలు, కుడి కాలు. ఆవిడొచ్చే రోజుకి నిద్రలో లేపినా చెబుతారు."

"అది మోసం కాదా మాస్టారూ?"

"మోసమా? మేం పరేడ్‌కి ముందు నెల్లాళ్ళు చేయిస్తాం. దాన్నెవడూ మోసమనడే!"

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. ఆ వారమంతా రోజూ ఒక పీరియడ్ అక్క అదే పని చేసింది. ముక్కలు ఎక్కువైతే ముక్క చిన్నది. పిల్లలు చిలకల్లా పట్టేశారు. వరండాలో నీళ్ళ కుండ దగ్గర కూడా అదే పాట. విని నేను సంతోషించాను. అక్క ఉద్యోగం నిలబడుతుందనే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం నేను గిన్నెలు తోముతున్నాను. అక్క పలక పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చిన్నప్పుడు నేను వాడిన పలకే.

"ఒకసారి నా పిల్లవి అవ్వవే. మూడు బై నాలుగు, రెండు బై మూడు. ఏది పెద్దది?"

చేతులు తుడుచుకుని చూశాను. "రెండు బై మూడు."

"ఎందుకు?"

అక్క నన్ను ఎందుకని అడగడం అదే మొదలు. సిగ్గేసింది. "ముక్కలు ఎక్కువైతే ముక్క చిన్నదని మీ పిల్లలంటున్నారుగా. నాలుగు ముక్కలంటే చిన్నవి."

"చిన్నవే. కానీ ఎన్ని తీసుకున్నావ్?"

"మూడు..." మళ్ళీ గిన్నె అందుకున్నాను. "నువ్వే చెప్పక్కా. నాకు రాదు."

అక్క చెప్పలేదు. అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. పలక ఒళ్ళో ఉంది. "వాళ్ళూ ఇదే అంటారు," అంది. "ఏం చెయ్యనే? వారమంతా వాళ్ళకి ఇదే ఎక్కించాను."

నాన్న లోపల్నుంచి, "ఏమైంది తల్లీ?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా. ప్లాను రాసుకుంటున్నా."

ఆ మూడో ప్లాను ఒక్క పేజీ. గళ్ళు లేవు, ఎర్ర గీతలు లేవు. పైన ఒకే మాట: గంట కొట్టేసరికి ఒక్కో పిల్లా రెండు కాగితపు పట్టీలు మడిచి, ఏది పెద్దదో, ఎందుకో చెప్పగలగాలి. దాని కింద, ఎక్కడ తప్పుతారు. దాని కింద, తప్పితే నేనేం అడగాలి. చివర, వాళ్ళకి వచ్చిందని నాకెలా తెలుస్తుంది. అన్నాళ్ళూ ప్లానంటే తను చెప్పబోయేది అనుకుంది. ఇందులో తను చెప్పేది దాదాపు ఏమీ లేదు.

"ముందే ఇలా రాసి ఉంటే," అంది. నాన్నా, నేనూ కూర్చుని పాత క్యాలెండరు కాగితాలు పట్టీలుగా కత్తిరించాం. నాన్న చేత్తో తడిమి అంచులు సరిచూశాడు.

సోమవారం పెద్ద మేడమ్ వచ్చి కూర్చుంది. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను.

అక్క పట్టీలు పంచుతూ, "మూడో వంతు..." అని మొదలుపెట్టిందో లేదో, తరగతంతా చేతులు లేచాయి. ప్రశ్న ఇంకా రాలేదు. "ముక్కలు ఎక్కువైతే ముక్క చిన్నది టీచర్!" గోడలు అదిరాయి. పెద్ద మేడమ్ రాయడం ఆపింది.

అక్కడితో ఆపి అక్క తను నేర్పిన ప్రశ్నలే అడిగి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. సుద్దముక్క తీసుకుని రెండు బై మూడు, మూడు బై నాలుగు రాసింది.

"రెండు బై మూడు!" ఒక్క గొంతులా అందరూ.

"ఎందుకు?"

లేచిన చేతులు దిగాయి. మైకు కూడా నేల చూపులు చూసింది. తర్వాత సన్నగా, "మీరే చెప్పారు కదా టీచర్," అంది.

అక్క సుద్ద బల్ల మీద పెట్టింది. "నేను చెప్పింది పక్కన పెట్టండి. పట్టీ మడవండి." బెంచీల మధ్య తిరిగింది. ఒకరు మూడు మడతలు సమంగా వేయలేకపోయారు. ఒకరు నాలుగు ముక్కలూ లెక్కపెట్టారు. ఎవరికీ శభాష్ అనలేదు, ఎవరినీ కాదనలేదు. ఎందుకని అడిగింది, విన్నది. మైకు రెండు బై మూడు పట్టీ మీద మూడు బై నాలుగు పట్టీ పెట్టి, "ఇది బయటికి వస్తోందేంటి టీచర్?" అంటూ ఉండగా గంట కొట్టారు. పట్టీలు బెంచీల మీద వదిలేసి పిల్లలు పరిగెత్తారు.

పెద్ద మేడమ్ ముందుకొచ్చింది. "చివర్లో చెప్పింది పాఠం," అంది. "మొదట చూపించింది ఏమిటమ్మా?"

అక్క అబద్ధం ఆడలేదు. "భయమేసింది మేడమ్. ముందే నేర్పేశాను."

"తెలుస్తోంది. దానికి నేను కళ్ళు మూసుకుంటే రేపు అందరూ అదే చేస్తారు. పొడిగించమని రాయలేను. ఈ టర్మ్ అయ్యేదాకా క్లాసు నీదే."

"రేపు మొదటి పీరియడ్ కూడానా మేడమ్?"

ఆమె వింతగా చూసి తలూపింది. నేను లోపలికి వెళ్ళి పట్టీలు ఏరాను. అక్క తాపీగా బోర్డు తుడుస్తోంది. అది చూస్తే నాకు ఎక్కువ భయమేసింది.

ఇంటికొచ్చాక నాన్నకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నా ముఖం కనిపించకపోయినా ఆయనకి నా నడక తెలుసు. "పోయిందా?" అన్నాడు.

"పోయింది నాన్నా," అంది అక్క.

"అయ్యో తల్లీ. ఇంకో బడి చూద్దాం. ఈ పూటకి ఆ పుస్తకాలు అవతల పెట్టు. ఇంక ఎవరికోసం రాస్తావు ఆ ప్లాను?"

అక్క అప్పటికే కాగితం తీసింది. తల ఎత్తకుండా అంది. "వాళ్ళింకా రెండు బై మూడే పెద్దదనుకుంటున్నారు నాన్నా."