మూడో అంతస్తు మీద అనుమానం

పోలిరాజు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, అనుమానం. శక్తి పుట్టదు, చావదు అని మా కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగు బళ్లో పిల్లలకు సైన్సు పాఠం చెప్పేది ఆయనే. అలాంటప్పుడు ఎక్కడైనా శక్తి తగ్గిందంటే ఎవరో పట్టుకుపోయారన్నమాటే అని ఆయన వాదన.

నేను అదే బళ్లో తెలుగు టీచర్ని. ఆయన పక్క కుర్చీ నాది కావడం నా ఖర్మ. టీ చల్లారితే చాలు, గ్లాసు చుట్టూ తడిమి చూసేవారు.

"ఇందులో వేడి ఏటైనాది టీచరమ్మా?"

"గాల్లో కలిసిపోయిందండీ."

"ఎవులు సూసినారు?"

పైగా అవి లోడ్‌షెడ్డింగ్ రోజులు. పంకా ఆగిపోయి మేమంతా కాపీ పుస్తకాలతో విసురుకుంటుంటే, ఆయన కిటికీలోంచి మెడ సాచి వీధిలో ఎవరింట్లో బల్బు వెలుగుతోందా అని వెతికేవారు. "కరెంటు పోనాది అనకండి. ఎవులింటికి ఎల్లిందో సెప్పండి!" అని మా మీద విసుక్కునేవారు.

పదో తరగతిలో తవిటమ్మ అని ఒక పిల్ల ఉండేది. మంచి చురుకు. అలాంటిది ఆ ఏడు బెంచీ మీద తల వాల్చి నిద్రపోవడం మొదలుపెట్టింది. బళ్లో పెట్టే టెస్టు పరీక్ష తప్పితే పదో తరగతి బోర్డు పరీక్షకు, అదే మాధ్యమిక్‌కు, పేరు పంపరు. పేరు వెళ్లకపోతే చదువు మాన్పించి మెటియాబ్రుజ్‌లో కుట్టుపనికి పెట్టేస్తానని తండ్రి బైరాగి చెప్పేశాడు. మేమంతా పిల్లకు బద్ధకం అనుకున్నాం. మాస్టారికి మాత్రం అనుమానం వచ్చింది.

"ఈ గుంట శక్తి ఎవులో పట్టుకుపోతన్నారు" అంటూ గొడుగు చంకలో పెట్టుకుని, నన్ను తోడు లాక్కుని, పొద్దున్నే వాళ్ల క్వార్టర్లకు బయల్దేరారు.

దొంగ వెంటనే దొరికాడు. కింద వీధి కుళాయి, పైన మూడో అంతస్తులో ఇల్లు. మధ్యలో మెట్ల మీద తవిటమ్మ, రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఓడల డాక్‌లో బస్తాలు మోసే బైరాగి గుమ్మంలో కూర్చుని తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు.

"పిల్లసేత ఇంత పని సేయిస్తన్నావేటి బైరాగీ?"

"నీల్లు తేవడం పనేటి మేస్టరుబాబూ? ఆడగుంటలు తెస్తారు. పనంటే నాను సేసేది. రోజంతా బస్తాలు మోస్తాను."

"బల్లపరుపు నేల మీదేనా?"

"జెట్టీ మరెలాగుంటాది?"

"అయితే నీ పని సున్నా! బరువు కిందకి లాగుతాది, నువ్వు అడ్డంగా నడుస్తావు. సైన్సు ఒప్పుకోదు. ఈ ఇంట్లో పని సేస్తన్నది ఈ గుంటొక్కతే."

ఉన్నది లెఫ్ట్ ప్రభుత్వం, ఊరు కలకత్తా, ఎదుట యూనియన్ మనిషి. నీ పని సున్నా అంటారా ఎవరైనా?

మర్నాడు బడి చుట్టూ ఎర్రజెండాలు. "పని సున్నా చోల్బే నా! చోల్బే నా!" చెల్లదంటే చెల్లదు అని బెంగాలీలో అరుస్తూ ఘెరావ్. ఇవాళ మాస్టారు పని సున్నా అంటే రేపు పని ఇచ్చే మాలిక్ కూలి సున్నా అంటాడని వాళ్ల అనుమానం. ఈయన మాలిక్ తరఫు దళారీ అని కూడా తేల్చేశారు. హెడ్మాస్టారు లోపల గడియ పెట్టుకున్నారు. క్షమాపణ చెప్పెయ్యండి మహానుభావా అని నేను బతిమాలాను.

మాస్టారు నిదానంగా గుమ్మంలోకి వచ్చారు. "బైరాగి సున్నా సెరిపేస్తాను. కాని ఊరికే సెరగదు, ఎత్తు ఎక్కాల. ఆ నీల్లు మోసుకుని మెట్లెక్కమనండి. ఎంత పనైతే అంతా రాసిస్తాను."

ఘెరావ్ మొత్తం క్వార్టర్లకు కదిలింది. బైరాగి మీసం దువ్వుకుని ఇంటికి కావలసిన నీళ్లన్నీ పైకి చేరవేశాడు. మాస్టారు బరువును ఎత్తుతో గుణించి గోడ మీద సుద్దతో పెద్ద అంకె వేశారు. కింద నుంచి జిందాబాద్‌లు. బైరాగి పై మెట్టు మీద కూలబడి రొప్పుతున్నాడు.

"సున్నా పోనాదా మేస్టరుబాబూ?"

"పోనాది. కాని ఒక్క రోజు లెక్క నేను నమ్మను. రేపు మల్లీ సూడాల."

మర్నాడు బకెట్టు మీద అనుమానపడ్డారు. ఆ మర్నాడు తన గడియారం మీదే అనుమానపడ్డారు. తర్వాత, అదే పని బేగి చేస్తే సామర్థ్యం ఎక్కువన్నారు. దాంతో బైరాగికి పౌరుషం వచ్చి మెట్ల మీద పరుగులు మొదలుపెట్టాడు. తవిటమ్మ తెల్లారేదాకా హాయిగా నిద్రపోయి, క్లాసులో కళ్లు విప్పార్చుకుని కూర్చోసాగింది.

టెస్టు పరీక్షలు దగ్గరపడ్డాక ఇక ఉండబట్టలేక అడిగేశాను. "మాస్టారూ, ఆ లెక్క నాకే నోటికొచ్చేసింది. మీకింకా అనుమానమేమిటండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "లెక్క మీద నాకేం అనుమానం టీచరమ్మా? బైరాగి మీదే. తేలిపోనాది అన్నానంటే బకెట్టు మల్లీ గుంట సేతికి ఇచ్చేస్తాడు."

ఆ రోజు నాకు ఆయనమీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. చల్లారిన టీని ఆయన తనిఖీ చేస్తుంటే మొదటిసారి విసుగు రాలేదు.

తవిటమ్మ టెస్టూ గట్టెక్కింది, మాధ్యమిక్ కూడా పాసయింది. బైరాగి సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని బడికి వచ్చాడు.

"ఇప్పటికైనా లెక్క తేలిందా మేస్టరుబాబూ?"

"మీ మెట్ల మీద తేలిపోనాది. పక్క బ్లాకు మెట్ల మీదే కొంచెం అనుమానం."

"అక్కడ ఎవులున్నారు? మన సూరన్నే కదా?"

"సూరన్న కూతురు అప్పాయమ్మ. వచ్చే ఏడు పదో తరగతి."

బైరాగి పొట్లం మాస్టారి బల్ల మీద పెట్టాడు. తర్వాత మీసాల్లోంచి నవ్వు జారింది.

"నిజమే మేస్టరుబాబూ, నాకూ అనుమానంగానే ఉంది" అని, సూరన్నను పిలుచుకురావడానికి లేచాడు.