ఢిల్లీకి తెలియజేయడమైనది

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎవరైనా పిన్నీసు వెతుక్కుంటారు. చెంచురామయ్యగారు పోస్టుకార్డు వెతుక్కుంటారు. ఆ ముల్లు ఏ గట్టున, ఏ కాలికి, ఎంత లోతున దిగిందో వివరంగా రాసి, "కేంద్ర ప్రాంతీయాభివృద్ధి మంత్రిత్వ శాఖ, ఢిల్లీ" అని చిరునామా పెట్టి, కుంటుకుంటూ వచ్చి ఎర్రడబ్బాలో వేస్తారు. ముల్లు తీయించుకోవడం ఆ తరవాతి సంగతి.

ఆ పేరుగల శాఖ ఢిల్లీలో ఉందో లేదో వినుకొండ పక్కనున్న ఎర్రవాగుపాలెంలో ఎవరికీ తెలియదు. ఊరి పోస్టుమాస్టరు శేషాచలం ఒకసారి ధైర్యం చేసి అడిగాడు.

"అసలు ఆ శాఖ పనేమిటండీ?"

"ప్రాంతం అంటే ఏంటి పంతులూ? నేను నించున్న చోటు. దాన్ని బాగుచెయ్యడానికి ఢిల్లీలో ఫ్యాన్ల కింద వెయ్యిమందిని కూచోబెట్టారు. ఇక్కడేం జరుగుతుందో మనం చెప్పకపోతే పాపం వాళ్ళకు పొద్దెట్లా పోతుంది?"

వాళ్ళ సంగతేమో గాని శేషాచలానికి మాత్రం బాగానే పోయేది. ఒకరి ఉత్తరం మరొకరు చదవడం తప్పే. కానీ కార్డు తనంతట తనే చదివించుకుంటుంది. మిరపకు బొబ్బర తెగులు, పత్తికి పచ్చపురుగు అంటే సరే. 'నా భార్య గురవమ్మ గోంగూర పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేసినది. అల్లుడు వచ్చి వారమైనను కదలడం లేదు. ఇవి అభివృద్ధికి ఆటంకములు.' దీనికి ముద్ర కొట్టేముందు ఎవరైనా చూస్తున్నారేమోనని శేషాచలం వీధివైపు తొంగిచూసేవాడు.

విచిత్రమేమిటంటే, ఆ కార్డులు ఎక్కడో ఒకచోట చేరేవి. 'మా గేదె తన్నుచున్నది' అని రాస్తే, అది ఢిల్లీలో దిగి, హైదరాబాదు వచ్చి, గుంటూరు మీదుగా కిందికి జారింది. ఐదు నెలలకు పశువుల ఆస్పత్రి మనిషి మోపెడ్ మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"తన్నే గేదె ఎక్కడండీ?"

"పొన్నూరు వాళ్ళకు అమ్మేశాం. ఇప్పుడు వాళ్ళను తంతుంది."

అతను మలుపు తిరగకముందే చెంచురామయ్యగారు కార్డు తీశారు: 'గేదె చిరునామా మారినది. తగు చర్యను పొన్నూరుకు పంపగలరు.'

ఇంతలో రెండువేల నాలుగు వచ్చింది, దాని వెనకే సెల్‌ఫోన్లు వచ్చాయి. ఊరు ఉత్తరాలు మానేసింది. రాయడం రానివాళ్ళకు పాతికేళ్ళుగా రాసిపెట్టిన శేషాచలం అరుగు బోసిపోయింది. ఆ పోస్టాఫీసంటే అతని అరుగే. ఒక బల్ల, ఒక తక్కెడ, ఒక ఎర్రడబ్బా. ఆషాఢంలో పైనుంచి కాగితం వచ్చింది: నెల రోజులపాటు రోజూ ఎన్ని ఉత్తరాలు పోతున్నాయో రాసి పంపాలి. సగటున ఇరవైకి తగ్గితే పోస్టాఫీసు ఎత్తేస్తారు.

అప్పటికి పోతున్నవి ఆరు. అందులో మూడు గేదె బాపతు.

"మీరే నాలుగు రాసి వెయ్యకూడదూ?" అంది భార్య కోటేశ్వరమ్మ.

"దొంగ ఉత్తరాలా? ఈ చేత్తోనా? డబ్బా పీక్కుపోనీ, ఆ పని నావల్ల కాదు."

ఆవిడ బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయింది.

మర్నాటి నుంచి చెంచురామయ్యగారికి పూనకం వచ్చింది. రోజుకు పదిహేను, ఒక్కోనాడు ఇరవై. 'కోడి తెల్లవారుఝామున కూయవలసినది, ఏడింటికి కూసినది.' 'నిన్నటి కోడి నేడు కూయలేదు.' 'కోడిని కూర చేసితిమి. విచారణ నిలిపివేయగలరు.'

శేషాచలం చేతులు జోడించాడు.

"బాబ్బాబు, ఈ ఒక్క నెలా ఆపండి. ఇన్‌స్పెక్టరు వచ్చి ఇవి చూస్తే, ఈ పిచ్చిరాతలకా ఇక్కడ పోస్టాఫీసు అంటాడు."

"నువ్వు ఆగమంటే ఆగడానికి ప్రాంతం ఏమన్నా ఎద్దుబండా? ముద్ర కొట్టు."

నెలాఖరుకు ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. ఆ పూట సంచి బల్లమీద బోర్లించి ఇంకో కోడి కార్డు చదివాడు, ఇంకో గోంగూర కార్డు చదివాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శేషాచలం గోడకు ఆనుకున్నాడు.

"ఏమున్నాయో మాకనవసరమండీ. ఎన్నున్నాయో కావాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇరవై రెండు. నెల సగటూ ఇరవై దాటింది. మీ ఊళ్ళో అక్షరాస్యత బాగున్నట్టుందే."

డబ్బా నిలిచింది.

ఆ సాయంత్రం స్టాంపుల కోసం వచ్చిన గురవమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "పంపు దగ్గర మీ కోటేశ్వరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇంటికొచ్చి చెప్పాను. ఆ మనిషి ఆ రాత్రే ఇంట్లో ఉన్న కార్డుల కట్టలన్నీ ముందేసుకున్నాడు. రాయడానికి సంగతులు చాలక చివరి వారం చాలామటుకు నామీదే రాశాడు పంతులూ. నా గురక సంగతి కూడా ఢిల్లీకి తెలిసిపోయింది."

శేషాచలం బల్ల వదిలి ఒక్క పరుగున చెంచురామయ్యగారి ఇంటికి వెళ్ళాడు. "ఇదంతా నాకోసమా అండీ?"

"నీకోసమా? నీ మొహం. దేశంకోసం." ఆయన తలెత్తకుండా రాస్తున్న కార్డు పూర్తిచేసి చేతిలో పెట్టారు. "వచ్చావుగా, పట్టుకుపో. నాకో నడక తప్పింది."

దారిలో కార్డు తనంతట తనే చదివించుకుంది: 'మా ఊరి పోస్టుమాస్టరు పనివేళల్లో పోస్టాఫీసు వదిలిపెట్టి ఇళ్ళవెంట తిరుగుచున్నాడు. తగు చర్య తీసుకొనగలరు.'

శేషాచలం అరుగెక్కి, బల్ల ముందు కూచుని, దానిమీద ముద్ర గట్టిగా కొట్టి, ఆరోజు కాగితంలో ఇరవై రెండు దిద్ది ఇరవై మూడు చేశాడు.