ఒట్టు పెట్టనన్న సుసన్నా

నేను తిరిగిన ఊళ్ళలో రకరకాల దేవుళ్ళకి మొక్కేవాళ్ళని చూశాను. ఒక్కటి మాత్రం అన్నిచోట్లా ఉంది: ఒకరు కళ్ళు మూసుకుంటే, తెరుచుకుని ఉన్నవాళ్ళకి అనుమానం. నూజివీడు దగ్గర సుసన్నాకీ అదే ఎదురైంది.

సుసన్నా మామిడికాయల్ని సైజు చూసి ట్రేల్లో సర్దే కూలీ. ఇల్లు ఒకటే గది; మోకాళ్ళూనడానికి చోటు లేదు. అందుకని పనివేళకి ముందే, చీకటుండగానే తోటకొచ్చి ఓ రసాల చెట్టు కింద ప్రార్థన చేసుకునేది. సరిగ్గా ఆ చెట్టు కాయలే పోవడం మొదలైంది. ఆ ఏడు తోట కాపు కొన్న సత్యనారాయణమూర్తి గారు, భార్య కాఫీ ఇస్తే పాలెవరు పోశారని అడిగే మనిషి.

"చీరకి ఆ సొన మరకలేంటి? కాయ తెంపకుండానే అంటిందా?"

"రాత్రి రాలిన కాయల జిగురండి. అక్కడే మోకరిస్తాను."

"అయితే బైబిల్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టు."

అక్కడ తగువు తెగాలంటే ఒట్టే. సుసన్నా తల అడ్డంగా ఊపింది. "ఒట్టు పెట్టొద్దని మా ప్రభువు చెప్పాడండి. తియ్యలేదంటే తియ్యలేదంతే."

"దొరికావు! తియ్యనిదానివి ఒట్టుకి భయమెందుకు? పనిలోంచి తీసేస్తాను!"

పోయేది కూలి ఒక్కటే కాదు. దొంగన్న పేరు ఆమెకంటే ముందే మైలవరం చేరుతుంది. ఇంకే తోటా పనిలో పెట్టుకోదు.

అయినా చేతికి చిక్కాకే పంపేద్దామని, మూర్తి గారు మర్నాడు తెల్లారకముందే ట్రేల వెనక నక్కారు. సుసన్నా మోకరించింది. "ప్రభువా, నా పేరు నీ చేతుల్లో పెడుతున్నాను. మూర్తి గారి తోటని ఈదురుగాలికి వదలకయ్యా."

ఆయన అనుమానం రెట్టింపైంది. "నేనున్నానని తెలిసే నా పేరెత్తావు కదూ?"

"మీ తుమ్ము వినపడిందండి. మీరు రాని రోజుల్లోనూ ఇదే ప్రార్థన."

"దానికి సాక్షి ఎవరు?"

"ఆయనేనండి."

ఆ సాక్షి నచ్చక, మూర్తి గారు మడతమంచం తెచ్చి చెట్టు కిందే వేసుకున్నారు. ఆమె రోజూ మంచం పక్కనే మోకరించేది. ఆయన ఒక కన్ను తెరిచి వినేవారు.

ఓ సాయంత్రం ఈదురుగాలి కొట్టనే కొట్టింది. సగం కాపు నేలపాలైంది.

"ఏమైందమ్మా నీ ప్రార్థన?" అని మూర్తి గారు ఆమె మీద ఎగిరారు.

సుసన్నా కళ్ళు తుడుచుకుంది. "అడగడం నా వంతండి. ఇవ్వడం, మానడం ఆయనిష్టం. పగలని కాయలైనా ఏరుదాం, రండి."

చీకటి పడేదాకా ఏరింది. వెళ్ళేటప్పుడు ఆయన కూలీల సంచులన్నీ తడిమారు. ఆమె దగ్గర చెయ్యి కాస్త ఆగింది. ఆగి, ఆ సంచీ తడిమింది. ఖాళీ అన్నం డబ్బా తప్ప ఏమీ లేదు.

దొంగ మాత్రం దొరకలేదు. పనిలోంచి తీసేస్తానన్న మాటా మళ్ళీ రాలేదు.

మర్నాడు మబ్బుగానే ఉంది. సుసన్నా వచ్చి మోకాళ్ళూనింది.

"మళ్ళీ అదేనా?" మంచం మీంచి గొంతు.

"అదేనండి. గాలి ఆపమని."

"నిన్న వినలేదుగా ఆయన?"

"విన్నాడండి. కాదన్నాడు."

మూర్తి గారు దుప్పటి తోసి లేచి కూర్చున్నారు. "అయితే ఇవాళ నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పు. నూజివీడులో మూర్తులు చాలామంది ఉన్నారు."