సగం సగం గోళీలు

పదకొండు కిలోలు తగ్గిన మాట మాత్రం నిజం. ఎట్లా తగ్గావని అడిగితే మనిషికో తీరు చెప్పాను. ఒకరికి తొర్రూరు బస్సు వెనక మరిపెడ దాకా ఉరికానన్నాను. ఇంకొకరికి ఖిల్లా గోడ మీద కోతులతో పందెం కట్టానన్నాను. మా కిరాణం దుకాణానికి సగం మంది పప్పు కోసం, సగం మంది నా ముచ్చట్ల కోసం వస్తారని నా నమ్మకం. అసలు సంగతి, నేనూ మా ఇంటామే ఏడాది పాటు రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తిన్నాం, పొద్దున్నే ఖిల్లాలో నడిచి ఇద్దరం తగ్గాం. ఇందులో చెప్పుకోను కథేముంది?

తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఏదో కొత్త పొడి పనిచేస్తుందా అని దవాఖానలో పరీక్షిస్తున్నారంటే ఇద్దరం పోయాం. నన్ను తీసుకున్నారు. ఆమెకు బీపీ ఉందని వద్దన్నారు. పొద్దున ఒక గోళీ, మాపటికి ఒకటి. కొందరి గోళీల్లో ఆ పొడి, కొందరి గోళీల్లో ఉత్త పిండి. ఎవరిది ఏదో డాక్టరమ్మకూ తెలియదు. నెలనెలా నర్సమ్మ బరువు చూసి, మిగిలిన గోళీలు లెక్కపెట్టి, నేను తిన్నవి రాసిన నోటుబుక్కు చదివేది. అందులోనూ నేను ఊరుకోలేదు. "ఇయ్యాల గారె నన్ను చూసి ఏడ్చింది, అందుకే వదిలేశాను" అని రాస్తే పడీ పడీ నవ్వేది.

మా ఇంట్లో జామకాయైనా సరే, ఆమెకు సగం పెట్టందే నా నోట్లోకి పోదు. మొదటి రోజే అన్నాను: "పొద్దుటిది నాది, మాపటిది నీది."

"ఏమైతదో ఏమో" అంటూనే మింగింది.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు బియ్యం చెరుగుతూ గోడ పట్టుకుంది. "జర కండ్లు తిరుగుతానయ్. గుండె దడదడ కొట్టుకుంటాంది."

గోళీల సీసా తీసి చూశాను. మీద మందు పేరు లేదు, ఒక నంబరే ఉంది. ఆమె కడుపులోకి ఏం పంపానో నాకే తెలియదు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి ఉరికాను. "బిడ్డా, నా గోళీల్ల సగం మా ఇంటామె మింగింది. కండ్లు తిరిగి పడబోయింది!"

నర్సమ్మ నవ్వింది. "ఏం కాకా, ఈసారి గారె ఏడువలేదా?"

"నిజం చెప్తాన!"

"అవును, బస్సెనక ఉరికింది గూడ నిజమే గదా."

ఒట్టు వేశాను. వేసినకొద్దీ నర్సమ్మ నవ్వు ఎక్కువైంది. ఒక్క అబద్ధమూ కలపకుండా మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

బయటికి పోయి మా ఇంటామెను నడిపించుకొచ్చాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. "మూన్నెల్ల సంది మాపటి గోళీ నేనే మింగుతాన బిడ్డా. బీపీ గోళీ గూడ ఏసుకుంటాన."

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ వచ్చి చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. ఆమెను పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ ఏ సీసాలో ఏముందో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి నా సీసా నంబరు చెప్పింది. అవతలివాళ్లు చూసి చెప్పేదాకా నేను సెలైన్ చుక్కలనే చూస్తూ నిలబడ్డాను.

"ఉత్త పిండే" అంది చివరికి. "మనిషి సన్నబడ్డా పాత బీపీ గోళీ అట్లనే మింగుతాంది, అందుకే బీపీ పడిపోయింది. ఇకనుంచి అందులో సగమే వెయ్యండి." నా నోటుబుక్కు మూసి పక్కన పెట్టింది. "ఈ పరీక్షకు మీరు ఇక రావద్దు. ఇందులో ఏది నమ్మాలె మేము?"



మర్నాడు పొద్దున బీపీ గోళీ విరిచి ఒక సగం ఆమె చేతిలో పెట్టాను. రెండో సగం నా వేళ్ల మధ్యే ఉంది. ఆమె నీళ్లు తాగకుండా నన్నే చూసింది.

"ఆ సగం గోళీల డబ్బాల ఎయ్యి" అంది. "నేను సూత్తాన."