ఎత్తడానికి నలుగురు

మేమంతా కాక అని పిలిచే మా మేస్త్రి చనిపోయాడు. మిర్యాలగూడ మిల్లుల బజారులో హమాలీలందరికీ ఆయనే పెద్ద. పోయిన ఆదివారం పొద్దున సూర్యాపేటలో చాయ్ తాగుతుంటే ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, నాయిన పోయిండు. ఎత్తనీకి మనుషులు లేరు, జల్ది రా" అంది. ఆమెకు ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

మా బజారులో ఎవరు పోయినా కాక పని ఆపించేవాడు. బస్తాలు ఎక్కడివక్కడే ఉండేవి. శవాన్ని బండెక్కించనిచ్చేవాడు కాదు. "బస్తాకు బండి పెట్టుర్రి, మనిషికి పెట్టకుర్రి" అనేవాడు, పంటి కింద ఎప్పుడూ ఉండే వడ్లగింజను పక్కకు తోసి. మా నాన్న పోయినప్పుడు పాడె కింద భుజం మార్చుకోవడానికి హమాలీలు పోటీ పడ్డారు. నిప్పుకుండతో ముందు నడిచిన నాకు వెనక ఏమవుతుందోనన్న దిగులే లేదు. ఆ మేలు మరిచేది కాదు.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని ప్లాట్లయ్యాయి. వడ్లు ఉడికే వాసన పోయింది, చాయ్ హోటల్ పోయింది, హమాలీలు హైదరాబాద్‌లో వాచ్‌మన్లయ్యారు. ఊరు విడిచేవాళ్ల సామానెక్కిన ఆటో కనబడితే చాలు, కాక నవ్వేవాడు. "నేను జల్ది పోవాలెరా. ఆలస్యమైతే ఎత్తెటోళ్లు దొరకరు."

నేను గుమస్తాగా ఉన్న మిల్లు కూడా మూతపడింది. సూర్యాపేటకు పోయే నా సామాను ఆయనే ఆటోకెక్కించాడు. బీరువా ఒక్కడే ఎత్తబోయి, నడుము పట్టుకుని, బీరువాను తిట్టాడు. ఉండమని అడగలేదు. పిలిస్తే మాత్రం రమ్మన్నాడు. బతికుండగా ఆయన పిలవలేదు, నేనూ వెళ్లలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వెళ్లేసరికి కోదాడ నుంచి వచ్చిన అల్లుడు, కటింగ్ షాపు ముసలాయన ఉన్నారు. నాతో ముగ్గురం. తాళాలేసిన ఇళ్ల ముందు శవాన్ని తీసుకెళ్లే వ్యాను ఆగి ఉంది. "ఇప్పుడంతా వ్యానేగా బావా" అన్నాడు అల్లుడు. అతన్ని అనడానికేముంది? ఎండ ముదిరేదాకా నాలుగో మనిషి కోసం చూశాం. ఎవరూ రాలేదు. చివరికి డ్రైవరే దిగి చెయ్యి వేశాడు. గడప నుంచి వ్యాను దాకా ఇరవై అడుగులు. కాకను మేం మోసింది అంతే.

నిప్పుకుండ పట్టుకుని బిడ్డ ముందు నడిచింది. ఆమె వెనక వ్యాను మెల్లగా కదిలింది. పాడె కర్రలు వెనక నుంచి మూరెడు బయటికి వచ్చి ఉన్నాయి. కొంచెం వంగి ఒక కర్ర కింద భుజం పెట్టాను. బరువేమీ పడలేదు, అంతా వ్యానే మోస్తోంది. మూసిన మిల్లుల గేట్లు దాటుకుంటూ శ్మశానం దాకా అలాగే, వంగే నడిచాను.